మూడింతలు

గురువారం, జులై 1974

ఇవాళ క్లాసులో నూట పదకొండు గ్రాముల కాల్షియం క్లోరైడ్‌లో ఎన్ని అయాన్లుంటాయో చెప్పాను. అది సరిగ్గా ఒక మోల్ కదా అని బోర్డు మీద అవగాడ్రో సంఖ్య రాసేశాను. లింగంపల్లి నుంచి వచ్చే బాలమణి లేచి, "సార్, దానికి మూడింతలు రావాలె గద? ఒక కాల్షియం అయాన్‌కు రెండు క్లోరైడ్‌లు ఉంటయి" అంది.

వినగానే నా తప్పు తెలిసిపోయింది. కానీ వెనక బెంచీలో ప్రిన్సిపాల్ గారు నా పాఠం వింటున్నారు. నా ఉద్యోగం పర్మనెంటు చేయాలో వద్దో ఆయనే తేల్చాలి. "ముందు పాఠం శ్రద్ధగా విని, తర్వాత మాట్లాడమ్మా" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి ముఖం కందిపోయింది.

గంట కొట్టాక ప్రిన్సిపాల్ గారు "బాగా చెప్పారండీ" అని మెచ్చుకుని వెళ్లారు. బాలమణి నా దగ్గరికొచ్చి, "తప్పయింది సార్. ఇగ ఎప్పుడు అడగ" అంది.

అప్పుడు గదిలో ఇంకెవరూ లేరు. అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. తలూపి పంపించేశాను. ఛీ!

రేపు బోర్డు మీద లెక్క దిద్దుతాను, అదెంతసేపు. ఆ పిల్ల మళ్లీ లేచి నిలబడి అడుగుతుందా అనేదే...