నా గొంతు అంకెలట

జూన్ 2

నా పేరు సువార్తమ్మ. వయసు డెబ్భై నాలుగు. ఆధార్ కార్డులో అరవై తొమ్మిది ఉంది, అది వాళ్ళ తప్పు. చిల్లకల్లు పక్క పల్లె. భర్త కొండలరావు ప్రభువులో నిద్రించాడు. ఇంట్లో నేనూ, రెండు మేకలూ. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే ఎదురింటి అంగన్‌వాడీ టీచరు కృపాజ్యోతి రాస్తోంది. నోటిమాట చెల్లదు, ఏదున్నా రాసి తెమ్మన్నాడు సంఘం సెక్రటరీ జయరాజ్. రాయిస్తా. ఏ రోజు సంగతి ఆ రోజే రాయిస్తా, తర్వాత ఎవరూ మాట మార్చకుండా.

నిన్న ఆరాధనలో నేను లేచి మైకు దగ్గరికి వెళ్తుంటే జయరాజ్ చెయ్యి అడ్డం పెట్టాడు. మీరు కూర్చోండి సువార్తమ్మగారూ, ఇకనుంచి పాటలు డబ్బాలోంచి వస్తాయి అన్నాడు. అందరి ముందూ. ఈ మందిరానికి రేకులు వేసినప్పటినుంచీ పాట ఎత్తింది నేను.

డబ్బాలోంచి వచ్చింది ఎవరి గొంతు? నాదే. ఎప్పుడో నందిగామ సభల్లో టెంట్‌హౌస్ వాడు క్యాసెట్‌లో పట్టిన పాట. దానిమీద కందిరీగలు ముసిరినట్టు గుయ్‌మని ఒకటే మోత. నేను బెంచీ మీద. నా గొంతు డబ్బాలో. బతికున్నదాన్ని పక్కన కూర్చోబెట్టి దాని గొంతు వినడమేమిటి?

ఎందుకయ్యా అంటే, ఈమధ్య చరణాలు మింగేస్తున్నానట. మా వదిన దేవమణి పోయిన దగ్గర్నుంచి నా పాట కుంటుతోందట. అబద్ధం. అబద్ధం అని పెద్ద అక్షరాలతో రాయమన్నా.

జూన్ 5

డబ్బా చేసింది పరాయివాడు కాదు. స్టీవెన్. దేవమణి కొడుకు, నా మేనల్లుడు, సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. పిలిపించి కడిగేశా.

అంతా విని నిదానంగా చెప్పాడు. అది అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డట. క్యాసెట్ పాటను అందులోకి ఎక్కించాడట. కంప్యూటర్ దగ్గర పాట ఉండదట, అంకెలే ఉంటాయట. బోర్డుకున్న ఇయర్‌ఫోన్ కన్నం నాసిరకం కాబట్టి మోత వస్తోందట. డాక్ అని ఇంకో చిన్న బోర్డు తెప్పించాడు. దాన్ని మొదటి బోర్డు నెత్తిన, దువ్వెన పళ్ళలాంటి పిన్నుల మీద కూర్చోబెడితే, అంకెల్ని శుభ్రమైన గొంతుగా మార్చి యాంప్లిఫైయర్‌కి ఇస్తుందట.

నాకు వంద లెక్కపెట్టడం రాదు. నా గొంతు అంకెలట.

నీకెందుకురా ఇంత యావ అన్నా. తల దించుకుని, ఒక్కసారి విందువుగాని రా అత్తా అన్నాడు. నా గొంతు నాకే వినిపిస్తావా, ఫో అన్నా.

జూన్ 8

ఆదివారం. కొత్త బోర్డు పెట్టారు. జయరాజ్ పాట నంబరు చెప్పాడు. అందరూ లేచారు. డబ్బా పలకలేదు.

స్టీవెన్‌కి చెమటలు. బోర్డు అయితే ఎక్కించాడుగానీ, ఇకమీదట సౌండ్ ఇటు పంపు అని కంప్యూటర్ సెట్టింగులో రాయడం మరిచాడట. అది ఇంకా పాత కన్నానికే పంపుతోంది. అక్కడ వైరు లేదు.

జనం డబ్బాకేసి చూస్తూ నిలబడ్డారు. ఆ పాట అందరికీ వచ్చు. ఒక్కరూ ఎత్తలేదు. నా వైపు చూశారు. నేను పెదాలు బిగించి కూర్చున్నా. పాస్టరుగారు నేరుగా ప్రార్థనలోకి వెళ్ళిపోయారు.

జూన్ 9

సంతోషంగా ఉందని రాయమంటే కృపాజ్యోతి రాయనంది, రాయించా.

జూన్ 14

శనివారం మందిరం ఊడ్చేది నేనే, తాళం నాదగ్గరే ఉంటుంది. స్టీవెన్ ఈ వారంలో సెట్టింగ్ బాగుచేశాడని విన్నా. ఊడ్చా. బెంచీలు తుడిచా. మెయిన్ ఆపి, డబ్బా మూత తీసి, నెత్తిన ఉన్న బోర్డు ఊడబీకా. ఇప్పుడది నా చింతపండు డబ్బాలో ఉంది. దొంగతనమంటే ఊరుకోను. అది పలికించేది నా గొంతు.

జూన్ 15

స్టీవెన్ పాత కన్నానికే వైరు పెట్టాడు. మళ్ళీ కందిరీగలు. జయరాజ్ దొంగతనమన్నాడు, పోలీసు కంప్లైంట్ అన్నాడు. ఇవ్వమను.

స్టీవెన్ మాత్రం పాట అయ్యేదాకా గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. అది నాకు నచ్చలేదు.

జూన్ 16

పొద్దున్నే స్టీవెన్ వచ్చాడు. తాళం ఎవరిదగ్గరుందో వాడికి తెలుసు. అడగలేదు. అరుగు మీద కూర్చుని ఒకే మాటన్నాడు.

"నీ గొంతు కోసం కాదత్తా. అందులో అమ్మ ఉంది."

మీ అమ్మ ఏనాడు పాడిందిరా అన్నా. పాటల పుస్తకం పట్టుకుని నా ఎడమ పక్కన నిలబడేది, అంతేగదా. ఆ మోతలో వినపడదు, డాక్ ఉంటే వినపడుతుంది అన్నాడు. అబద్ధాలకోరువి అన్నా. టీ కూడా ఇవ్వలేదు.

జూన్ 18

చింతపండు డబ్బా తీసుకుని వెళ్ళా. స్టీవెన్ బోర్డు తుడిచి బిగించాడు. మందిరంలో మేమిద్దరమే.

మోత లేదు. ముందు ఎవరో గాలి పీల్చారు. నేను కాదు. తర్వాత, పెదాలు కదిలీ కదలనట్టు, మా వదిన గొంతు. పాదంలో మొదటి ముక్క. ఆ వెనకే నేను, గట్టిగా. మళ్ళీ ఆమె, మళ్ళీ నేను. పుస్తకం చూసి మాట అందించేది. అందుకుని ఎత్తేదాన్ని. మూడో చరణంలో ఆమెకి దగ్గొచ్చింది. అక్కడే నేను తడబడ్డా.

స్టీవెన్ ఏడ్చాడు. నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ పక్కన నిలబడి, పోయేముందు ఒక్క ముక్క చెప్పొద్దా దేవమణీ, సగం పాట నీదగ్గరుందని.

నాకు పాట రాదని ఎవరూ రాయకూడదు. నాకు పాట వచ్చు. మాట అందించే మనిషి పోయింది.

జూన్ 21

జయరాజ్‌కి పెద్దల ముందే చెప్పా. డబ్బా ఉండనీ. మైకు నాది. డబ్బా నాకు చెవిలో మాట అందిస్తుంది, జనానికి కాదు. ఈ వయసులో ఇయర్‌ఫోనా అని నవ్వాడు. నీ చెవికి మిషను పెట్టుకున్నప్పుడు నేను నవ్వానా అన్నా. పాస్టరుగారు దగ్గినట్టు నటించారు.

డాక్‌కి ఇయర్‌ఫోన్ కన్నం కూడా ఉంది. స్టీవెన్ పొడుగు వైరు వేశాడు.

జూన్ 22

పాడా. అన్ని చరణాలూ. ఎడమ చెవిలో వదిన. ఆ వెనక నా పాత గొంతు కూడా వస్తోంది, దాన్ని దాటి పాడా. ఎడమ పక్కన ఎవరినీ నిలబడనివ్వలేదు.

సువార్తమ్మ వేలిముద్ర

సాక్షులు:
స్టీవెన్
కృపాజ్యోతి
దేవమణి (పోయినవాళ్ళ పేరు సాక్షిగా చెల్లదంది కృపాజ్యోతి. రాయమన్నా.)