కాల్చకుండా వంచిన ఇనుము

కొత్తవాడ, వరంగల్
ఆదివారం

ప్రియమైన బాపుకు,

నీ బిడ్డ నవనీత దండాలు. ఇక్కడ నానమ్మ, అమ్మ, నేను బాగున్నాం. సూరత్‌లో నీకు వేళకు తిండి, మగ్గాల చప్పుడు లేని చోట కాసేపు నిద్ర దొరుకుతున్నాయని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అందులో నాలుగు ప్రశ్నలున్నాయి. రెండింటికి జవాబులు తేలికే. నానమ్మ మోకాలు ఇప్పుడు నయం; మెట్లు దిగి మొగిలమ్మ ఇంటి దాకా పోయి, ముచ్చట పెట్టి వస్తోంది. నా పరీక్షలు నిన్నటితో అయిపోయాయి, బాగా రాశాను. ఇక మూడోది. ‘ఇనుములో లోపం ఉండుడే మంచిదంటవేంది బిడ్డా, గదెట్ల?’ అని అడిగావు. దీనికి జవాబు రాయాలని మంగళవారం నుంచి మాటలు వెతుక్కుంటున్నాను.

నువ్వూ కుమారస్వామి మామా పెద్ద జంపఖానాను నేల మీద సర్దడం గుర్తు చేసుకో. మొత్తం పట్టి లాగితే అది కదలదు. ఒక కొసన చిన్న ముడత లేపి, దాన్ని కాలితో అవతలి కొస దాకా తోసుకుంటూ పోతే జంపఖానా అంతా ఆ మేరకు జరుగుతుంది. ఇనుములోనూ అంతే. అందులో పరమాణువులు పడుగు పోగుల్లా వరసగా ఉంటాయి. అక్కడక్కడ ఒక వరస సగంలోనే ఆగిపోతుంది. ఇనుమును వంచినప్పుడు వరసలన్నీ ఒక్కసారే జరగవు. ఆ తెగిన చోటు ఒక్కో అడుగే జరుగుతూ పోతుంది. ఆ లోపం లేకపోతే కమ్మరి ఎంత కొట్టినా ఇనుము అంత సులువుగా లొంగదు. నిఘంటువులో దీనికి ‘స్థానభ్రంశం’ అని ఉంది. గంభీరమైన మాటే, కానీ నేను నా నోట్సులో ‘ముడత’ అనే రాసుకున్నాను.

ఇంకో సంగతి. చల్లటి ఇనుమును వంచిన కొద్దీ ఈ ముడతలు పెరుగుతాయి. ఒకదానికొకటి అడ్డం పడి, చిక్కుపడ్డ నూలులా కదలకుండా అయిపోతాయి. ఇనుము గట్టిపడుతుంది, ఇంకా వంచితే విరుగుతుంది. ఎర్రగా కాల్చి మెల్లగా చల్లారనిస్తే ఆ చిక్కులు విడిపోయి మళ్ళీ మెత్తబడుతుంది. ఈ నెల మొదటి పరీక్షలో దీని గురించే రెండు పేజీలు రాశాను.

ఇక నాలుగో ప్రశ్న. ‘మీ అమ్మ నా ఫోన్ ఎందుకు ఎత్తుతలేదు?’

బాపూ, పోగులను దట్టించే నీ ఇనుప పంజాను విరగ్గొట్టింది అమ్మ కాదు. నేను.

ఆ పరీక్ష రాసి ఇంటికొచ్చేసరికి అమ్మ నూలు తేవడానికి పోయింది. పంజా పళ్ళలో ఒకటి కొంచెం పక్కకు వంగి కనిపించింది. లోహం గురించి నాకు తెలుసు కదా అనుకున్నాను. సుత్తితో కొట్టాను, అటు ఎక్కువ వంగింది. ఇటు కొట్టాను. నాలుగోసారికి పన్ను ఊడి చేతిలోకి వచ్చింది. పొద్దున రెండు పేజీలు రాసిన నాకు, దాన్ని ముందు కాల్చాలని తోచనే లేదు. భయపడి మగ్గం మీదే పెట్టేశాను.

నానమ్మ అమ్మనే తిట్టింది. ఆ సాయంత్రం నువ్వు ఫోన్‌లో, ‘మా నాయిన పంజా ముప్పై ఏండ్లు నడిచింది, నీ చేతిల విరిగింది’ అన్నావు. స్పీకర్ పెట్టి ఉంది, నేను పక్కనే ఉన్నాను. అమ్మ ఫోన్ పెట్టేసింది. ఆ రోజు నుంచి నీ ఫోన్ ఎత్తడం లేదు. పదహారు రోజులు. అన్ని రోజులూ నేను పుస్తకం ముందేసుకుని నోరు మూసుకున్నాను.

నిన్న అమ్మకు చెప్పాను. ఆమె నేత ఆపలేదు.

“నాకు ఎప్పుడో తెల్సు బిడ్డా. నేసేటోళ్లు పంజాను సుత్తితోని కొడ్తరా? పన్ను మీద దెబ్బలు కనబడ్తనే ఉన్నయి.”

“మరి బాపుకెందుకు చెప్పలేదమ్మా?”

“నీ పరీక్షలు కాకపాయె. అయినంక నువ్వే చెప్తవని చూసిన.” పోగు సర్దుకుంటూ అంది, “ఎట్ల విరిగిందని మీ బాపు ఒక్క మాట అడిగితే అయిపోతుండె.”

నానమ్మకూ చెప్పాను. “ఇనుము సదువు సదువుకుంట ఇనుమే ఇరగ్గొట్టినవా?” అని నన్ను తిట్టి, లేచి పోయి చాయ్ పెట్టి ముందు అమ్మకే ఇచ్చింది. పంజాను కమ్మరి పాండురంగం దగ్గరికి తీసుకుపోయాను. పన్ను అతికించాడు. అది ఎర్రబడే దాకా కొలిమి గాలిపంకా నేనే తిప్పాను.

నన్ను ఎంత తిట్టినా పడతాను. కానీ ముందు అమ్మతో మాట్లాడు. ఇదంతా ఫోన్‌లో చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

అమ్మ ఇందాక వెనక నుంచి వచ్చి, బాపుకేనా అని అడిగింది. అవునన్నాను. చదవలేదు. తలుపు దాకా పోయి ఆగి, “మామూలు పోస్టుల ఏస్తే లేటైతది. స్పీడ్ పోస్టుల పంపు” అంది.

ఇట్లు,
నీ తిట్ల కోసం ఎదురుచూసే బిడ్డ,
నవనీత