నింపి తిరిగి ఇవ్వవలెను

అద్దె ట్రక్కుల ఆఫీసు వారికి,

రిటైరైన బస్సు కండక్టరు నమస్కరించి రాయునది.

మీకు ఫోను చేస్తే ఎవరో అమ్మాయి "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అని చెప్పి, పాట పెట్టి, వెళ్ళిపోతోంది. అంత ముఖ్యమైతే ఎత్తొచ్చు కదా! అందుకే ఈ ఉత్తరం.

మేం ఈ ఊళ్ళోనే ఇల్లు మారుతున్నాం. మేం అంటే నేనూ, మా ఆవిడా. మాకు ప్యాకింగు వాళ్ళూ వద్దు, కూలీలూ వద్దు. మొన్న ఒకతను వచ్చి మా బీరువాను చూసి, పోయినవాళ్ళ ఇంటికి వచ్చినట్టు తల ఊపాడు. పొమ్మన్నాను. ఉద్యోగమంతా మనుషుల్నే ఎక్కించి దించినవాణ్ణి, నాకు మంచాలూ కుర్చీలూ ఒక లెక్కా? బండి ఒక్కటి ఇవ్వండి చాలు.

సామాను ఇదీ: మంచం, చెప్పిన బీరువా, కుర్చీలు, వంటింటి సరంజామా, మా ఆవిడ కుట్టుమిషను, గుడ్డముక్కల మూటలు. మూటలెన్నో ఆవిడకే తెలియదు. దీనికి ఏ సైజు బండి కావాలో రాయండి. వెనక తలుపు దగ్గర నేను నిలబడటానికి చోటు, పట్టుకోవడానికి ఒక కడ్డీ ఉండాలి. ముందు కూర్చోవడం నాకు అలవాటు లేదు.

తొందరగా జవాబివ్వండి. ఉద్యోగం వదిలిన దగ్గర్నించీ ఈ ఇంట్లో నాకు కాలు నిలవడం లేదు.

ఇట్లు,
బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న
కండక్టరు

తా.క. కవరు అంటించే పని నాది కాబట్టి నాలుగు ముక్కలు నేనూ రాస్తున్నాను. ఈయన రిటైరయ్యాక మేం మారిన ఇల్లు ఇది మూడోది. ఇక్కడ కిటికీ వెలుగు సరిగ్గా నా మిషను సూది మీద పడుతుంది. ఇలాంటి వెలుగు మళ్ళీ దొరకదు. మీ బండ్లన్నీ రిపేరులో ఉన్నాయని ఒక్క ముక్క రాశారంటే మీకో చొక్కా కుట్టి పంపిస్తాను. కొలతలు తెలియజేయండి. ఆయనకు తెలియనివ్వకండి. — ఆయన భార్య.

*

గౌరవనీయులైన వినియోగదారునకు,

మీ ఉత్తరము అందినది. మా బండ్లన్నియు దురదృష్టవశాత్తు బాగుగానే ఉన్నవని తెలుపుటకు చింతిస్తున్నాము. మీ సామానుకు మధ్య సైజు బండి సరిపోవును. నిబంధనలు ఈ దిగువ ఇచ్చుచున్నాము.

మా వద్ద డ్రైవర్లు ఉండరు. బండిని ఎవరికి వారే నడుపుకొనవలెను. లైసెన్సు తప్పనిసరి.

వెనుక భాగమున మనుషులు ప్రయాణించరాదు. కడ్డీ లేదు.

బండిని మీకు నింపి ఇచ్చెదము. మీరును నింపి తిరిగి ఇవ్వవలెను. ఖాళీగా తెచ్చి ఇచ్చినచో జరిమానా తప్పదు.

భవదీయుడు,
గుమాస్తా

తా.క. కాలరు పదిహేనున్నర.

*

గుమాస్తా గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చదివాక ఇల్లంతా పచార్లు చేశాను. కూర్చోలేకపోయాను.

మొదటి అనుమానం. బండ్లు బాగుంటే దురదృష్టమేమిటి?

రెండోది. "కాలరు పదిహేనున్నర" అంటే ఏమిటి? బండి కొలతా? బస్సుల్లో సీట్లు లెక్కపెట్టేవాళ్ళం గానీ కాలరు ఎప్పుడూ వినలేదు. పదిహేనున్నర కాలరు బండిలో మా బీరువా నిలబడుతుందా, పడుకోబెట్టాలా?

ఇక అసలు సంగతి. నింపి ఇస్తారా? దేంతో నింపుతారు? మీరు నింపేసి ఇస్తే నా మంచం ఎక్కడ పెట్టుకోను, నెత్తి మీదా? సరే, అదేదో మీరు దించుకుంటారనుకుందాం. నేను మళ్ళీ నింపి తేవాలంటారు. అయ్యా, నేను ఇల్లు మారేదే బండి ఖాళీ చేయడానికి. నిండు బండి మీకు తిరిగి తెచ్చి ఇస్తే నేను మారినట్టు ఎలా అవుతుంది?

అయినా మీ బాధ నాకు అర్థమైంది. ఖాళీ బండి డిపోకి వస్తే మా పెద్దసారు కూడా ఇలాగే సంజాయిషీ అడిగేవారు. అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. సామాను దించేశాక, తిరిగి వచ్చే దారిలో ఎవరు చెయ్యెత్తితే వాళ్ళను ఎక్కించుకుంటాను. మీ ఆఫీసు ముందుకు వచ్చేసరికి నిలబడ్డానికి కూడా చోటుండదు. ఆ పూచీ నాది.

ఇట్లు,
ఏనాడూ ఖాళీ బండి తేని
కండక్టరు

తా.క. అబద్ధం రాయడం మీకు చేతకాలేదు, పోనివ్వండి. కొలతలు మాత్రం నాకు విడిగా రాయొద్దూ! నిన్న మధ్యాహ్నమంతా ఈయన బీరువా ముందు నిలబడి "పదిహేనున్నర కాలరు, పదిహేనున్నర కాలరు" అనుకుంటూ జానలతో కొలిచారు. భుజం కూడా రాయండి. కొత్త ఇల్లు నేను చూడలేదు. చూడనని చెప్పాను. ఆయన బండి ఎక్కుతారు. నేను ఎక్కుతానో లేదో ఇంకా తేల్చుకోలేదు. — భార్య.

*

గౌరవనీయులైన కండక్టరు గారికి,

ప్రయాణికులను ఎక్కించరాదు! ఒక్కరిని కూడా! ఈ ముక్క మా మేనేజరు గారి గదిలోకి వినబడేంత గట్టిగా రాస్తున్నాను. వారు అద్దాల గదిలోంచి మమ్మల్ని చూస్తూనే ఉంటారు.

నింపడం గురించి మీరు ఇంత కంగారు పడవలసిన పని లేదు. మీరు ఎంత వాడుకుంటే అంత నింపితే చాలును. కాకపోతే మా ఆఫీసుకు దగ్గర్లో నింపుకొని రండి. దూరంగా నింపితే వచ్చే దారిలో కొంత తగ్గిపోతుంది. అది సహజం. అందరికీ అవుతుంది.

లైసెన్సు నకలు పంపలేదు. వెంటనే పంపవలెను.

కాలరు బండి కొలత కాదు. పొరపాటున పడినది.

మీ విధేయుడు,
గుమాస్తా

తా.క. భుజం పద్దెనిమిది. ఇది కూడా పొరపాటున పడినది.

*

గుమాస్తా గారికి,

దారిలో తగ్గిపోతుందా! పైగా సహజమా! అందరికీ అవుతుందా!

అయ్యా, నా సర్వీసులో ఒక్క గొడుగు పోలేదు. ఒకసారి ఒక ముసలావిడ తన కళ్ళజోడు సీట్లో మరిచిపోతే, రెండు స్టాపులు వెనక్కి నడిచి వెళ్ళి ఇచ్చివచ్చాను. బస్సంతా నన్ను తిట్టింది. తిట్టనీ. అలాంటిది, నేను కాపలా ఉన్న బండిలో సామాను తగ్గుతుందా? మీ ఆఫీసు దగ్గర్లో దొంగలున్నారా, లేక ఆఫీసులోనే ఉన్నారా? సూటిగా అడుగుతున్నాను.

లైసెన్సు అడిగారు. ఉంది. నకలు జతచేశాను. అది కండక్టరు లైసెన్సు. "డ్రైవింగుది కావాలి" అంటారేమో. బండిని ఆపేదీ కదిలించేదీ డ్రైవరనుకోవడం ప్రయాణికుల అమాయకత్వం. ఒక విజిలు కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి. అది కండక్టరు చేతిలో పని. ఇక స్టీరింగు తిప్పడమనే చిన్న పని ఒకటి మిగిలింది. దానికి ఎవరో ఒకరు దొరక్కపోరు.

నేను మంచం విప్పేశాను. చాప మీద పడుకుంటున్నాం. త్వరగా తేల్చండి.

ఇట్లు,
ఓపిక అయిపోవస్తున్న
కండక్టరు

తా.క. బాబూ, నాకు డ్రైవింగు లైసెన్సు ఉంది. పెళ్ళికి ముందు మా నాన్న పాల వ్యాను నేనే తోలేదాన్ని. లైసెన్సు కాలం తీరినప్పుడల్లా బజారుకని చెప్పి వెళ్ళి రాయించుకొచ్చేదాన్ని. ఎందుకని అడిగితే ఏం చెప్పను, చేతులకు అదొక అలవాటు. నకలు లోపల పెట్టాను. ఇంకో మాట. మీరు నింపమంటున్నది డీజిలు అని నాకు మొదటి ఉత్తరంలోనే తెలుసు. ఆయన మాత్రం సామాను అనే అనుకుంటున్నారు. దయచేసి చెప్పకండి. సామానుతో సహా బండి తిరిగి తేవాలన్న రూలు లోకంలో ఒక్క మీ దగ్గరే ఉంది. దాన్ని నేను పోగొట్టుకోను. చొక్కా ఏ రంగు? — భార్య.

*

కండక్టరు గారికి,

మా ఆఫీసులో దొంగలు లేరు. ఒకరిద్దరు నిద్రపోయేవారున్నారు, అంతే.

నింపే విషయంలో ఇకమీదట నేనేమీ రాయలేను. వద్దని పైనుంచి ఆదేశం వచ్చింది. పైనుంచి అంటే మేనేజరు గారి నుంచి కాదు. ఇంతకంటే అడగకండి, నాకు చెమటలు పడుతున్నాయి.

మీ కండక్టరు లైసెన్సు ఇక్కడ చెల్లదు. చెల్లే లైసెన్సు మాకు అందింది, చూశాం, బాగుంది. ఫోటో కొంచెం పాతది, అయినా అమ్మగారిని గుర్తుపట్టవచ్చు. బండి ఆదివారం ఉదయం తీసుకోండి. నడిపేది అమ్మగారు, పక్కన కూర్చునేది మీరు.

మీ
గుమాస్తా

తా.క. తెలుపు మాత్రం వద్దు. సిరా మరకలు కనబడతాయి.

*

బాబూ,

నడిపేది అమ్మగారా?

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని మిషను దగ్గరకు వెళ్ళాను. "ఏమే, నీకు బండి నడపడం వచ్చా?" అన్నాను. ఆవిడ తలెత్తకుండా "వచ్చు" అంది. "ఎందుకు చెప్పలేదు?" అంటే "మీరెప్పుడడిగారు?" అంది. సూది ఆపలేదు. ఇన్నేళ్ళూ రోజూ ఇంటికొచ్చి మా డ్రైవర్ల గొప్పలన్నీ చెప్పేవాణ్ణి. ఘాట్ రోడ్డులో ఎవరు ఎలా తిప్పాడో చేతులు ఊపి మరీ చూపించేవాణ్ణి. ఆవిడ ఊఁ కొడుతూ కూర్చుంది! ఎంత నవ్వుకుని ఉంటుంది!

అప్పట్నించీ మరీ నిలవలేకపోతున్నాను. విప్పిన మంచం మళ్ళీ బిగించాను. బిగించి, మళ్ళీ విప్పాను. నీతో దాపరికం ఎందుకు? ఈ ఇంటితో నాకు పేచీ ఏమీ లేదు. నేల కదలకపోవడమే నా బాధ. పొద్దున్నే లేస్తాను, చొక్కా తొడుక్కుంటాను, వెళ్ళవలసిన చోటు ఉండదు. కొత్త ఇంట్లో రెండు నెలలు సర్దుకోవడంతో గడిచిపోతాయి. తర్వాత మళ్ళీ ఇదే.

నీకు ఇంకా పెళ్ళి కాలేదేమో, అయినా అడుగుతున్నాను. ఆవిడ నాతో వస్తుందంటావా? స్టీరింగు పట్టుకున్నంత మాత్రాన వచ్చినట్టేనా? అక్కడ దింపేసి ఇటు తిరిగి వచ్చేస్తే? ఆవిడ లేని ఇంట్లోకి బీరువా మోసుకెళ్ళి నేనేం చేసుకోను? అడుగుదామంటే నోరు రావడం లేదు. మారుతున్నామని వీధంతా నేనే చాటాను.

ఇట్లు,
కండక్టరు

తా.క. నడుపుతాను. ఎక్కడిదాకా అన్నది స్టీరింగు ముందు కూర్చున్నాక చూస్తాను. ఖాళీ చేస్తున్నామని ఇల్లుగలావిడకు చెప్పి రమ్మన్నారు. వెళ్ళాను. ఇద్దరం టీ తాగాం. వచ్చేశాను. — భార్య.

*

కండక్టరు గారికి, అమ్మగారికి,

బండి నిన్న సాయంత్రం అందింది. ట్యాంకు మూతదాకా నిండుగా ఉంది. లోపల ఊడ్చి కూడా ఇచ్చారు. ఇలా ఎవరూ ఇవ్వరు.

కానీ కొన్ని వివరణలు కావాలి. మీ కొత్త ఇల్లు ఊళ్ళోనే అన్నారు. మీటరు చూస్తే మీరు సముద్రం దాకా వెళ్ళి కాళ్ళు తడుపుకొని వచ్చినట్టుంది. మధ్యాహ్నం మీ బండి మా ఆఫీసు ముందు నుంచే మాటిమాటికీ వెళ్ళింది. ప్రతిసారీ లోపల్నించి విజిలు వినబడింది. మేనేజరు గారు అద్దాల గది వదిలి గేటు దాకా వచ్చి చూశారు. ఆయన కాళ్ళు మేం చూడటం అదే మొదటిసారి.

సీటు మీద ఒక విజిలు దొరికింది. ఏం చేయమంటారు?

నాకు నిన్న రాత్రి తిండి కూడా సరిగ్గా సయించలేదు. అమ్మగారు అక్కడ దిగారా, దిగలేదా? అది ముందు రాయండి.

మీ
గుమాస్తా

తా.క. చొక్కా సీటు వెనక దొరికింది. భుజం దగ్గర ఎంత బాగా కుదిరిందో చెప్పలేను. మేనేజరు గారు తన కాలరు ఎంతో కొలిపించుకుంటున్నారు.

*

బాబుకు ఆశీస్సులు,

ఈసారి ఉత్తరం నేనే రాస్తున్నాను. కవరు అంటించే పని ఆయనకిచ్చాను.

ఆదివారం పొద్దున్నే సామాను ఎక్కించాం. బీరువా నాలుగు మెట్లు దిగడానికి నలుగురు పొరుగువాళ్ళూ, ఆయన అరుపులూ సరిపోయాయి. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. ఆయన పక్కన, అద్దెకు తెచ్చిన పెళ్ళికొడుకులా బిగుసుకుని కూర్చున్నారు. రెండు విజిళ్ళు కొట్టారు. కదిలించాను.

కొత్త ఇంటి ముందు ఆపాను. చూస్తే ఆ ఇంటి కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ. ఇక్కడ నా మిషనుకు వెలుగెక్కడిది? "దిగండి" అన్నాను. ఆయన దిగలేదు. ఇంటివైపు చూశారు, నావైపు చూశారు. రెండు విజిళ్ళు కొట్టారు. పొరపాటేమో అనుకున్నాను. మళ్ళీ రెండు కొట్టారు. మరి కండక్టరు కొడితే డ్రైవరు కదలాలి కదా, కదిలాను.

ఇక అక్కడ్నించి ఊరంతా తిరిగాం. ప్రతి బస్టాపు దగ్గరా ఆయన తల బయటపెట్టి స్టాపు పేరు అరిచారు. ఒకావిడ చెయ్యెత్తితే "వెనక బండి ఖాళీగా వస్తోందమ్మా" అని సర్దిచెప్పారు. ఆ ముఖం చూడాలి బాబూ! ఉద్యోగం అయిపోయిన రోజు నుంచీ ఆ ముఖం నాకు కనబడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఈయనకు నా మీదా, నా ఇంటి మీదా విసుగనుకున్నాను. ఈయనకు కావలసింది ఇంకో ఇల్లు కాదు, కాళ్ళ కింద కదిలే నేల.

పొద్దు వాలుతుండగా మా వీధిలోకి తిప్పాను. నాకై నేను ఆపకూడదనుకున్నాను. నెమ్మదిగా పోనిచ్చాను. గేటు దగ్గరికి వచ్చాం. ఒక్క విజిలు పడింది.

సామాను దించాం. మిషను కిటికీ దగ్గరకే చేరింది. ఇల్లుగలావిడ గేటు దాకా వచ్చి, ఊరికే షికారుకు వెళ్ళొచ్చామన్నట్టు "వచ్చారా?" అంది.

మీ రూలు అక్షరాలా పాటించాం చూడు. బండి నింపాం, తిరిగాం, ఇచ్చాం.

విజిలు నీ దగ్గరే ఉంచు. వచ్చే నెల మొదటి ఆదివారం అదే బండి మాకు కావాలి. సామాను ఉండదు. కొత్త ఇల్లూ ఉండదు. మేనేజరు గారి కాలరు రాసి పంపు.

ఇట్లు,
డ్రైవరు

తా.క. కవరు చేతికొచ్చింది కాబట్టి నాలుగు ముక్కలు నేనూ రాస్తున్నాను. బాబూ, బస్సుల్లో పుట్టి పెరిగినవాడికి ట్యాంకు నింపడమంటే ఏమిటో తెలియదనుకున్నావా? మొదటి ఉత్తరంలోనే తెలుసు. వీధంతా చాటుకున్నాక వెనక్కి తగ్గడానికి నాకూ ఏదో ఒక రూలు కావాలిగా! ఆవిడకు చెప్పకు. రైట్ రైట్. — కండక్టరు.