ఆఖరి చొక్కా

తమ్ముడూ, వేళకి తింటున్నాను, బెంగపడకు. మీ బావ కత్తిరించి వదిలిపోయిన చొక్కాల మూటలు ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యమని రాశావు. ఇవ్వలేదు. ఇన్నాళ్ళూ కాజాలు, గుండీలే కదా నా పని! మొదటి చొక్కాకి కుడి చెయ్యి ఎడమవైపు కుట్టేసి, విప్పుకుంటూ ఏడ్చాను. "మూటల వంక చూడకు, సూది వంక చూడు" అనేవారు మీ బావ. అలాగే ఒక్కొక్కటీ కుట్టి ఇచ్చాను.

అమ్మకి కంట్లో మందు వేస్తున్నావా? మరిచిపోయావో, ఊరుకోను.

ఇంకొక్క చొక్కా మిగిలింది. దాని మనిషి వచ్చినప్పుడల్లా "రేపు రండి" అంటున్నాను. ఆ మాట అన్నందుకే మీ బావని తిట్టిపోసేదాన్ని. కుట్టడం చేతగాక కాదురా. అదీ ఇచ్చేస్తే, ఆయన కత్తెర పడిన గుడ్డ ఇంట్లో ఇంకేదీ ఉండదు. మరదలికీ పిల్లలకీ నా దీవెనలు.

అక్క