దిష్టి కాదట, నెయ్యేనట

అమ్మాయ్ భవానీ,

ఇవాళ నీకు ఒంటిపూట ఆఫీసే కదా, పనసపొట్టు కూర గిన్నెలో ఉంది, వేడి చేసుకో. అన్నం తక్కువగా ఉందని కంగారుపడకు, కావాలనే తక్కువ వండేను. నేను పార్వతి వదినగారితో ఐనవిల్లి గుడికి వెళ్తున్నాను, దీపాలవేళకి వచ్చేస్తాను. సాయిశ్రీ బడి నుంచి రాగానే జామకాయ ముక్కలు పెట్టు. జంతికల డబ్బా అటకెక్కించేను, ఏడ్చినా దించకు.

నిన్న బళ్ళో పిల్లల బరువు చూసేరట. నీ కూతురు వయసుకి కాస్త ఎక్కువుందని టీచరుగారు అన్నారట. నలుగురి కళ్ళూ పడ్డాయని, రాగానే ఉప్పూ ఎండుమిరపకాయలూ దాని చుట్టూ తిప్పి కుంపట్లో వేసేను. "దిష్టి కాదు మామ్మా, నువ్వు పోసే నెయ్యి" అంది. వేలెడంత లేదు, నాకు పాఠం! ఒళ్ళు మండిపోయింది.

కానీ దిష్టి ఉంటే మిరపకాయల ఘాటు రాకూడదు కదా. ఇల్లంతా ఒకటే దగ్గు. మీ మావగారైతే వీధిలోకి పరిగెత్తేరు. అంటే దిష్టి లేనట్టే. ఇక నెయ్యే అయ్యుండాలి, ఏం చేస్తాం. నెయ్యి గిన్నె నువ్వే ఎక్కడైనా దాచు, నా చెయ్యి ఆగదు.

మీ అత్తయ్య

ఇంకో మాట. నిన్న నువ్వు ఆఫీసు నుంచి వచ్చేలోపే సాయిశ్రీ నన్ను పీట మీద కూర్చోబెట్టి, కంచంలో సగం కూరే ఉండాలని బళ్ళో చెప్పేరంటూ తనే వడ్డించింది. నువ్వు పెడతానన్నా ఎప్పుడూ తర్వాత తింటాననేదాన్ని. నిన్న లేవబోతే భుజం పట్టుకుని కూర్చోబెట్టేసింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చేక నేను కూర వేడిగా తినడం అదే మొదలు.