రెడ్డెమ్మ ముట్టని పుస్తకం

శనివారం, రాత్రి

సాయంత్రం మా ఊరి లైబ్రరీలో పిల్లల చేత చదివిస్తున్నాను. గౌరి వాళ్ళమ్మ రెడ్డెమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చి, కూతురి వెనక కూర్చుని ఒక బొమ్మల పుస్తకం తెరిచింది. ఎంత కడిగినా పోని మరకలున్న ఆ చేతులు చూసి, "పుస్తకం పాడైపోతుందక్కా, ఆడ పెట్టెయ్" అనేశాను. పుస్తకం పెట్టేసి వెళ్ళిపోయింది.

"మాయమ్మ కూడా నేర్చుకుంటా ఉండాదక్కా. ఈడ సదివింది నేను ఇంటికాడ చెప్తా" అంది గౌరి.

లైబ్రరీ మూసి, ఆ పుస్తకంతో వాళ్ళింటికి వెళ్ళాను.

"తప్పుగా అనేసినానక్కా, తీసుకో."

రెడ్డెమ్మ చేతులు కొంగులో దాచుకుంది. "పాపకియ్యమ్మా. నాకెందుకులే ఇంగ సదువు."

గౌరి తీసుకుంది. రేపు అది ఒక్కతే వస్తుందేమో...