గుప్పెడమ్మకు టీకా పట్టిందా?

చెల్లీ,

మనవరాలికి పళ్ళు వచ్చాయా అని అడిగావు. వచ్చాయట. అమ్మాయి చెప్పింది. ఒకే ఇంట్లో ఉంటూ ఈ 'అట' ఏమిటని నవ్వుకోకు. ఈ మాట నీతో కాక ఇంకెవరితోనూ చెప్పుకోలేను. చదివాక చించెయ్యి.

అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు రక్తం పరీక్ష చేసి, కాలేయాన్ని పట్టే కామెర్ల క్రిమి ఉందన్నారు. పైకి ఏమీ తెలియకుండా ఏళ్ళకేళ్ళు ఒంట్లో ఉండిపోతుందట. తల్లికి ఉంటే కాన్పులో బిడ్డకు అంటుతుందట. ఇంట్లో వాళ్ళందరూ పరీక్ష చేయించుకోండి అన్నారు. అల్లుడికి లేదు. నేను కళ్ళజోడు బాగుచేయించుకొస్తానని చెప్పి ఒక్కదాన్నే వెళ్ళి చేయించుకున్నాను. నాకుంది చెల్లీ. అంటే అమ్మాయికి ఇచ్చింది నేనే. నాకు అమ్మ ఇచ్చి ఉంటుంది. చివర్లో అమ్మ కళ్ళు ఎలా పచ్చబడ్డాయో నువ్వూ చూశావు కదా. నువ్వు కూడా పరీక్ష చేయించుకో, నిర్లక్ష్యం చెయ్యకు.

ఈ గొడవలో ఉండగానే పిల్ల నెలలు నిండకుండా పుట్టేసింది. గుప్పెడంత ఉందని అల్లుడు గుప్పెడమ్మ అని పేరు పెట్టాడు. పుట్టిన రోజే టీకా వేశారు, దానితోపాటు ఇంకేదో రక్షణ మందు కూడా పొడిచారు. హమ్మయ్య అనుకున్నాను. నర్సమ్మ ఆ ముచ్చట కూడా ఉంచలేదు. "రెండు కిలోలు కూడా లేదు కదమ్మా, ఇంత చిన్న ఒంటికి టీకా సరిగ్గా పట్టకపోవచ్చు. ఈ డోసు లెక్కలో వేసుకోం. మళ్ళీ మూడు డోసులూ వేస్తాం" అంది. "మరి లెక్కలోకి రానిదాన్ని ఎందుకు పొడిచారు తల్లీ?" అన్నాను. "ఈ కాస్తయినా అడ్డం పడుతుందని" అంది.

ఆ మూడూ అయ్యాయి. ఇక పిల్ల రక్తం తీసి పట్టిందో లేదో చూడాలి. అప్పటిదాకా నా వల్ల దానికి ఏమీ అంటకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నా కంచం, గ్లాసు వేరు. తువ్వాలు వేరు. పిల్లను ఎత్తుకోను. చొక్కాలకు కాజాలు కుట్టే చెయ్యి కదా, వేలికి ఎప్పుడూ ఏదో ఒక సూది గాటు ఉంటుంది. అమ్మాయి అందించబోతే "నా చేతులు వణుకుతున్నాయే, జారవిడుస్తాను" అంటాను. మొదట్లో నమ్మింది. మొన్న నేను సూదిలోకి దారం ఎక్కిస్తుంటే నిలబడి చూసింది.

"సూదిలోకి దారం ఎక్కించే చెయ్యి పిల్లను ఎత్తుకోవడానికి వణుకుతుందా అమ్మా?" అంది. నేను దారానికి ముడి వేసుకుంటూ కూర్చున్నాను. "చెప్పెయ్యి. రోగిష్టి పిల్ల అని అసహ్యం. మగపిల్లాడైతే దింపేదానివి కాదు."

అల్లుడు పాపం నవ్వించబోయాడు. "అత్తయ్యకు మన పిల్ల నచ్చలేదేమో, కొట్టుకెళ్ళి మార్చుకొద్దామా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

నిజం చెబితే కూతురు నన్ను జన్మలో క్షమించదు. చెప్పకపోతే ఇదీ సంగతి. టీకా పట్టిందని తేలిన రోజున పిల్లను ఎత్తుకుంటాను. ఆ ఒక్క రోజు కోసమే చూస్తున్నాను.

నీ పిరికి అక్క


చెల్లీ,

నీకు లేదని రాశావు. ఒక్క కడుపున పుట్టి నీకెలా తప్పిందో! పోనీలే, నువ్వన్నా బాగున్నావు.

ఇక్కడ ఫలితం వచ్చింది. పట్టలేదు. పట్టకపోవడమే కాదు, క్రిమి పిల్ల రక్తంలోనే ఉంది. కాన్పులోనే వచ్చి ఉంటుందన్నారు.

డాక్టరుగారు మంచిగానే చెప్పారు. టీకా తప్పు కాదట. అది వెయ్యకపోతే ఇలాంటి తల్లుల పిల్లల్లో చాలామందికి వచ్చేదట, వేయడం వల్ల దాదాపు అందరూ తప్పించుకుంటున్నారట. తప్పించుకోలేని కొద్దిమందిలో మన గుప్పెడమ్మ పడింది. మందులున్నాయట, కానీ ఒంట్లోంచి తుడిచేసేవి కావట. బతికినన్నాళ్ళూ పరీక్షలే. అమ్మాయి బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. ఏడవను కూడా లేదు.

నేనే ఆగలేకపోయాను. "నేను ముట్టుకోలేదు డాక్టరుగారూ! పుట్టినప్పటి నుంచీ ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. నా కంచం కూడా వేరే. మరెలా వచ్చింది?" అనేశాను.

గదిలో అందరూ నా వైపు తిరిగారు. నర్సమ్మ దగ్గరికొచ్చింది. "మీకూ ఉందా అమ్మా?" అంది. తల ఊపాను. "ఎత్తుకుంటే రాదు. కంచం వల్ల రాదు, ముద్దు పెట్టుకున్నా రాదు. రక్తం తగిలితేనే. వేలికి గాటు ఉంటే గుడ్డముక్క చుట్టుకుంటే సరిపోయేది. ఎత్తుకోవద్దని ఎవరు చెప్పారు మీకు?"

ఎవరూ చెప్పలేదు. నేను ఎవరినీ అడగలేదు. అడిగితే బయటపడిపోతానని.

అమ్మాయి లేచింది. తిడుతుందనుకున్నాను. "అందుకా అమ్మా?" అంది, అంతే. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో, తనకు ఎవరు ఇచ్చారో ఒక్క ముక్క అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. పిల్లను నా ఒళ్ళో పెట్టి, మందుల చీటీ పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

బరువుగా ఉంది చెల్లీ. గుప్పెడంత అన్నది ఎప్పటి మాటో. జుట్టు మెత్తగా ఉంది. నా ముఖంలోకి చూసింది, పెదవి విరిచింది, ఇక ఏడుపు అందుకుంది. లాలించాను, ఊపాను. ఒళ్ళంతా విల్లులా వంచి తలుపు వైపు చేతులు చాచింది. వరండాలోకి తెచ్చినా ఆగకపోతే, బెంచీ మీద కూర్చున్న ఒకావిడ చూడలేక, "తల్లికి ఇచ్చెయ్యండి పెద్దమ్మా, పిల్లకు మీరు కొత్తలా ఉన్నారు" అంది.

ఇచ్చేశాను.

ఇంటికొచ్చాక అల్లుడు నా కంచం తీసుకెళ్ళి అందరి కంచాలతో కలిపి పెట్టాడు. అమ్మాయి అందులోనే వడ్డించింది. పిల్ల తల్లి భుజం మీద నుంచి నన్ను చూసి ముఖం దాచుకుంది.

అక్క